నీళ్లు లేని కొండ

రాత్రి పదకొండున్నర.
కమియోకాలో మంచు నడుము దాకా పడింది.
ఆఫీసు గదిలో కిరసనాయిలు స్టవ్వూ, నేనూ,
తెర మీద ఎర్రటి అక్షరాలూ.

ఒక లైబ్రరీ కావాలంటుంది.
అది తెచ్చిస్తే, దానికి ఇంకొకటి కావాలట.
ఆ ఇంకొకదానికి ఈ కంపైలర్‌తో పొసగదు.
విడిదింటి చుట్టాల్లా ఒకరి వెనక ఒకరు అలుగుతారు.
ఆఖరివాణ్ణి బతిమాలి కూర్చోబెట్టేసరికి
మొదటివాడు లేచి చెప్పులేసుకున్నాడు.
పాత వెర్షనే కావాలట, మూడేళ్ల కిందటిది.
మూడేళ్ల కిందట నేను తొయామాలో
గడ్డకట్టిన స్క్విడ్ పెట్టెలు లెక్కపెడుతున్నాను.

అన్నీ తుడిచేసి మళ్లీ మొదలు.
కొత్త ఫోల్డరుకి పేరడిగింది.
"ఆఖరు" అని పెట్టాను.
గంట తర్వాత, "ఆఖరు రెండు".

ఒకటిన్నరకి ఏమీ అనలేదు.
కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది.
పని జరిగినప్పుడు యంత్రాలు ఇలాగే ఊరుకుంటాయని
నాకింకా అలవాటు కాలేదు.

ఇది చేసే పని చెప్తే నవ్వుతారు:
లేని అద్దాల్ని లేని తీగెలకి వేలాడదీసి
మధ్యలో మూడు కిలోమీటర్ల లేని వెలుగు పరిచి
అవి ఎలా వణుకుతాయో అంకెల్లో రాస్తుంది,
సెకనుకి పదహారువేల పైచిలుకు.
వణుకు మాత్రం నేను పోయాలి,
పులుసుకి పోపు వేసినట్టు:
జపాన్ సముద్రపు చలికాలం అలలు గుప్పెడు,
తీగెల వెచ్చదనం చిటికెడు,
కాంతి రేణువుల చిటపట కావలసినంత.
చివర్న, ఎవరికీ చెప్పకుండా,
ఎక్కడో రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకున్నట్టు
ఒక చిన్న అబద్ధం.
నిజం వచ్చిన రోజున గుర్తుపడతామా అని.

రెండింటికి మినెగిషి ఇవావో గారు వచ్చారు,
టార్చి ఊపుకుంటూ. గేటు కాపలా. డెబ్బై నాలుగు.
జింకు గని మూసేదాకా ముప్పై ఏళ్లు ఈ కొండ లోపలే,
గోడను సుత్తితో తట్టి, జవాబు విని,
పైకప్పు నిలుస్తుందో లేదో చెప్పిన మనిషి.
"ఏం చేస్తున్నావు చిగుసా, ఇంతసేపు?"
"కొండ లోపలి చప్పుడు తయారుచేస్తున్నా."
"కొండ పక్కనే ఉందిగా!"

పక్కనే ఉంది మరి.

అంకెల్ని ధ్వనిగా మార్చి హెడ్‌ఫోన్లు ఇచ్చాను.
టోపీ తీసి పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు.
స్టవ్వు మీద కెటిల్ బుసకొడుతుంటే దించేశాను.
నా నక్షత్రాలు గుద్దుకునే క్షణం వచ్చి వెళ్లిపోయింది,
ఆయన కనురెప్ప కదల్లేదు.
"బాగానే ఉంది. కానీ ఇది మా కొండ కాదు."
"ఎందుకని?"
"నీళ్లేవీ?"

మార్చి నెలాఖర్లో పైన మంచు కరిగితే
రాతి సందుల్లోంచి దారి వెతుక్కుంటూ
నిదానంగా లోపలికి దిగుతుందట.
ముందు గోడ చెమరుస్తుంది.
తర్వాత ఒక బొట్టు.
ఊపిరి తీసి వదిలినంతసేపటికి ఇంకో బొట్టు.
ఏప్రిల్‌కి కాలువ.
చప్పుడు మారగానే పనిముట్లు సర్దుకునేవారట.
ఒకసారి మారిందని ఈయన చెప్పినా
మేస్త్రీ వినలేదట.
అక్కడ ఆగారు.
నేను అడగలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే,
మాకు ఎలుక కూడా అక్కర్లేదు,
పరమాణువు గుండెకన్నా చిన్న కదలిక చాలు.
దాన్ని వెతుకుతూ
ఒక ఏటినే మరిచిపోయాను.

ఆయన వెళ్లాక కొత్త ఫైలు తెరిచాను. పేరు: నీళ్లు.
బొట్టుకీ బొట్టుకీ ఎంత ఎడమో
బల్ల మీద తట్టి చూపించి వెళ్లారు.
ఫోనులో పట్టుకున్న ఆ తట్టుల్ని కొలిచి రాసుకున్నాను.
ఈ కొలతకి ఆధారమేమిటని రాయాల్సిన చోట
"మినెగిషి ఇవావో, కుడిచేతి చూపుడువేలు" అని రాశాను.

నడిపాను.
నలభై మూడో పంక్తిలో కామా లేదంది.

బయట ఇంకా మంచు పడుతూనే ఉంది.
కరగడానికి నెలన్నర టైముంది.